మా అక్క గిటారు పికప్

మా అక్క సంపూర్ణమ్మకి కోపం వస్తే అరవదు, పని మొదలుపెడుతుంది. అరిచేవాళ్లతో ఎలాగో సర్దుకోవచ్చు గానీ ఇలాంటివాళ్లతో వేగడం కష్టం. నేను ఆవిడ తమ్ముణ్ణి, జక్కయ్యని, బెజవాడ రైల్వేలో గుమాస్తాని. ఆ కష్టం నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అక్క మిషన్ బళ్లో కుట్టు టీచరు. ఆదివారాలు కృష్ణలంకలో మా చర్చిలో పెడల్ స్టీల్ గిటారు వాయించేది. అది చంకన పెట్టుకునే గిటారు కాదు. కాళ్లున్న బల్ల మీద తీగలు పరిచినట్టుంటుంది. దాని ముందు కూచుని తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, కింద పెడళ్లు కాళ్లతో తొక్కాలి. తొక్కినకొద్దీ స్వరం సాగుతుంది. అమెరికా దొరసానమ్మగారు దేశం వదిలి వెళ్తూ దాన్ని చర్చికి ఇచ్చారు. మిషను తొక్కే కాళ్లకి ఇదెంత అని అక్కకి నేర్పి మరీ వెళ్లారు.

డెబ్బై నాలుగులో, వానలు తగ్గుముఖం పడుతుండగా, ఒక ఆదివారం కీర్తన మధ్యలో గిటారు మూగబోయింది. పోయింది పికప్. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత రాగి తీగ చుట్టి ఉంటాయి. తీగల మోతని పట్టి యాంప్లిఫయరుకి అందించేది అదే.

చర్చి సెక్రటరీ జాన్‌బాబుగారికి ఇది దేవుడిచ్చిన అవకాశంలా కనపడింది. ఆడమనిషి వేదిక పక్కన కూచుని కాళ్లాడించడం ఆయనకి మొదట్నించీ గిట్టదు. పైగా ఆయన అల్లుడు కొత్తగా హార్మోనియం నేర్చాడు. మా చర్చిల్లో కోత పండుగనాడు రైతులు తెచ్చిన తొలి పనలు, కోళ్లు, గుమ్మడికాయలు ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. "పలికితే ఉంచుకుందాం సహోదరీ. పలక్కపోతే కోత పండుగ వేలంలో పెట్టేద్దాం" అన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానమన్నట్టు, దొరసానమ్మగారి గిటారుకి ఈయన వేలం. నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం సరేనని ఇంటికొచ్చి, నా రైల్వే పాసు ఎక్కడుందని అడిగింది.

పికప్ పట్టుకుని మద్రాసు నేనే వెళ్లాను. అక్కడ వాయిద్యాల కొట్టతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఆ మోడలు ఆపేసి ఏళ్లయిందట, కంపెనీ గుమ్మం ముందు కూచున్నా దొరకదట. పోనీ హార్మోనియం కొనుక్కోమన్నాడు. ఆ చివరి ముక్క నేను అక్కకి చెప్పకుండా ఉండాల్సింది. రెండు రోజులు నాకు కూరలో ఉప్పు లేదు.

బెజవాడలో ఎవర్నడిగినా పికప్ అంటే ఆటోనగర్ వెళ్లమన్నారు. అందరూ ఒకే మాట చెబుతుంటే నిజమేననుకుని, అక్కని వెంటబెట్టుకుని వెళ్లాను. మెకానిక్ ఏ బండికని అడిగాడు. స్టీలు గిటారుకన్నాను. ఇదేదో కొత్త కంపెనీ బండి కాబోలని పక్క షెడ్డువాణ్ణి కేకేశాడు. ఇద్దరూ ఆలోచించి, కార్బొరేటరు విప్పి కడిగిస్తే పికప్ అదే వస్తుందని తేల్చారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలిసిందల్లా, మా ఊళ్లో పికప్ అంటే బండి ఊపు తప్ప మరొకటి కాదని.

వెళ్దాం పదమన్నాను. అక్క కదల్లేదు. ఎదురుగా కాలిపోయిన పొలం మోటార్లకి తీగ చుట్టే బసవయ్య కొట్టుంది. తిన్నగా వెళ్లి అతని బల్ల మీద మా పికప్ పెట్టింది. ఇంత సన్న తీగ తన చేతికి ఆనదని, పట్టుకుంటేనే తెగుతుందని అతను ముందే చెప్పేశాడు. ఇలాంటి తీగ ఇంకెందులో ఉంటుందని అక్క అడిగింది. రేడియోల్లో ఉంటుందమ్మా అన్నాడు పాపం, మా ఇంట్లో రేడియో ఉందని తెలియక.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా రేడియో పేగులు చాప మీదున్నాయి. సాయంత్రం పాటలు, క్రికెట్ కామెంటరీ అన్నీ అందులోనే పోయాయి. దీనికంటే నన్ను వేలం వేస్తే పోయేదన్నాను. "నిన్నెవరు పాడతార్రా" అంది అక్క తల ఎత్తకుండానే.

పికప్‌కున్న పాత తీగ ఊడబెరికి, ఆ పికప్‌ని కుట్టుమిషను చక్రానికి కట్టింది. కాలితో మెల్లగా తొక్కుతూ, రెండు వేళ్ల మధ్య నుంచి కొత్త తీగ వదిలింది. తెగేది. అతికించి మళ్లీ చుట్టేది. మళ్లీ తెగేది. ఒకసారి దాదాపు అయిపోయిందనుకున్నాక తెగి, లోపలికెక్కడికో పోయింది. అప్పుడు అక్క కళ్లలో నీళ్లు చూశాను. వాడి నోట్లో మన్ను పడ అంటూ ఎవర్నో తిట్టుకుంటూ మొత్తం విప్పి మొదట్నించీ చుట్టింది.

పండుగ ముందు శనివారం చర్చిలో బిగించి మీటితే గిటారు పలికింది. తుమ్మెద దూరినట్టు వెనకాల జుమ్మనే రొద, ఒక తీగ కాస్త బలహీనం. అయినా పలికింది. జాన్‌బాబుగార్ని పిలిచి వినిపించింది. ఆయన విని, గోడ వంక చూస్తూ, వేలం వేయాలని సంఘం తీర్మానం అయిపోయిందిగా సహోదరీ అన్నారు. పలికితే ఉంచుతానన్న మాట ఎటు పోయిందో నేను అడగబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మర్నాడు పనలు పోయాయి, కోళ్లు పోయాయి, గుమ్మడికాయలు పోయాయి. గిటారు వంతు వచ్చింది. పాత ఇనుము కొట్టు బాలశౌరి పాట మొదలుపెట్టాడు. ఇంకెవరూ పెంచలేదు. జాన్‌బాబుగారు ఒకటోసారి అన్నారు. అక్క ఆడవాళ్ల వరసలోంచి లేచి, యాంప్లిఫయరు తీగ తగిలించి, గిటారు ముందు కూచుంది.

"వేలం నడుస్తోంది సహోదరీ, పక్కకి రండి."

"నడపండి. సరుకు ఎలా ఉందో కొనేవాళ్లు వినొద్దా?"

కీర్తన అందుకుంది. రొద ఉంది, లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ రొద మీద స్వరం లేచిన తీరుకి మా వరసలో ముసలాళ్లు చేతికర్రలు పక్కన పెట్టి గొంతు కలిపారు. జాన్‌బాబుగారు పాట అయ్యేదాకా ఆగి రెండోసారి అన్నారు. అక్క ఇంకో కీర్తన ఎత్తుకుంది. ఈసారి చర్చంతా పాడింది. బాలశౌరి కూడా పాడాడు. అది అయీ అవకుండానే మరొకటి. ఆయన నోరు తెరిచినప్పుడల్లా ఒక కొత్త చరణం. బయట భోజనాల దగ్గర సాంబారు చల్లారిపోతోంది.

చివరికి ఆయన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, ఎప్పుడు ఆపుతారమ్మా అని అడిగారు. అక్క పెడలు మీంచి కాలు తీయలేదు.

"మీరు మూడోసారి అనండి. నన్ను కూడా కలిపి పాడుకోమనండి. ఇది ఎవరింటికెళితే నేనూ ఆ ఇంటికే."

జాన్‌బాబుగారు బాలశౌరి వంక చూశారు. బాలశౌరి రెండు చేతులూ జోడించి, తనకి వద్దన్నాడు.