బొబ్బిలి లైను పులియా

బేబీకి యాభై నాలుగేళ్లు. ఈ వయసులో ఆ పేరేమిటని నవ్వినవాళ్లు ఆమె పిండిమిల్లు ముందు రెండోసారి నవ్వలేదు. మిల్లు తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట మనకు వినపడదు గానీ, బేబీ మాట మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడు మీద గొంతెత్తి ఎత్తి, ఇంట్లో ఉప్పు అందుకోమన్నా పోట్లాటకొచ్చినట్టే అంటుంది.

నా పేరు రామమోహనరావు. రాయపూర్‌కి కాస్త దూరంలో ఉన్న ఉక్కు ప్లాంటు ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు హిందీలో, ఇంగ్లీషులో నోట్లు రాసి రిటైరయ్యాను. ఇల్లు కోహ్కాలో. మా ఆవిడ జ్ఞానప్రసూనకు ప్యాకెట్ పిండి మీద నమ్మకం లేదు. నా మీదా పెద్దగా లేదు గానీ, గోధుమలు పట్టించుకు రావడానికి పనికొస్తానని తేల్చింది. అలా పదిహేను రోజులకోసారి క్యాంప్ 2 అనే పేటలో బేబీ మిల్లుకి వెళ్లడం అలవాటైంది.

మిల్లు వెనక వీధిని మేమంతా బొబ్బిలి లైను అంటాం. ప్లాంటు కడుతున్న రోజుల్లో బొబ్బిలి వైపు నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ గుడిసెలు వేసుకున్నాయి, ఆ పేరు నిలిచిపోయింది. వీధికీ పెద్దరోడ్డుకీ మధ్య మురుగు నాలా, దాని మీద చిన్న వంతెన. ఇక్కడ దాన్ని పులియా అంటారు. కిందటేడు జూలైలో ఆ పులియా సగం కూలింది. మిగిలిన సగం మీద మనిషి నడవగలడు, సైకిలు పోతుంది. ఆటో రాదు, అంబులెన్సు రాదు. గట్టి వాన పడితే నీళ్లు దాని మీదుగానే పారతాయి, అప్పుడు మనిషి కూడా దాటలేడు.

బేబీ భర్త పైడిరాజుకి కిడ్నీలు పాడయ్యాయి. వయసులో ఉండగా ఇనుము మోసిన మనిషి. ఇప్పుడు బుధవారం ఒకసారి, శనివారం ఒకసారి డయాలసిస్ చేయించాలి. పెద్దరోడ్డు దాకా అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోస్తారు. ఆగస్టులో ఒక బుధవారం నాలా పొంగి దాటలేకపోయారు. గురువారం సాయంత్రానికి ఒళ్లంతా నీరు పట్టింది, ఊపిరాడలేదు. గోడకు ఆనుకుని కూర్చుని బేబీ చెయ్యి వదల్లేదట. శుక్రవారం నీళ్లు తగ్గాక దాటించారు, బతికాడు.

ఇంటికొచ్చాక అతనన్న మాట బేబీ నా పిండి సంచీ మూతి కడుతూ చెప్పింది.

“మల్లా వానలొచ్చేదాకా ఎల్తాడంట రావుగారూ. వానలు పడ్డాక నన్ను మొయ్యొద్దు, నానెల్లను అంటన్నాడు. బతికుండగా నలుగురి సేతుల మీద ఎన్నిసార్లెల్లాల, సచ్చాక ఎలాగూ ఎల్తాను కదా అంటన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“ఏటంతాను? వానలకి ముందర పులియా ఏయిస్తాను, నోర్మూసుకుని కూకో అన్నాను.”

అనడం తేలికే. చలికాలమంతా ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఏ బల్ల దగ్గరికెళ్లినా ఒకటే మాట. ఎస్టిమేటు తయారైంది, రాజధాని రాయపూర్‌కి పంపాం, మంత్రిగారి శాఖలో ఉంది, మా చేతుల్లో ఏమీ లేదు. తిప్పి పంపడంలో మనవాళ్లకున్న మర్యాద ఎంతటిదో నాకు తెలుసు, నేనూ ఆ బల్ల వెనక కూర్చున్నవాణ్ణే. మంత్రి దగ్గరున్న కాగితం కదలాలంటే మంత్రినే అడగాలి, మంత్రిని నిలబెట్టి అడగ్గలిగినవాడు ఎమ్మెల్యే. ఆ దారి చెప్పింది నేనే.

జనవరిలో ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాం. ఏ పార్టీ అని అడక్కండి, చెబితే మీలో సగం మంది ఇక్కడితో చదవడం మానేస్తారు. మనిషి శ్రద్ధగానే విన్నాడు. బడ్జెట్ సమావేశాల్లో ప్రశ్న వేస్తానన్నాడు. సభ్యుడు రాతపూర్వకంగా ప్రశ్న ఇస్తే మంత్రి రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబు సభ రికార్డులోకి ఎక్కుతుంది. ఆయన పీఏ దేవాంగన్ వివరాలు రాసివ్వమన్నాడు. రాయడం అనగానే నేను ఛాతీ విరుచుకున్నాను. మంచి హిందీలో పేజీన్నర రాశాను. బొబ్బిలి లైను అని మూడుచోట్ల రాసి, మూడుచోట్లా గీత గీశాను.

మార్చి మొదటి వారంలో జవాబు వచ్చింది. దేవాంగన్ కాగితం నా చేతికిచ్చి కిటికీలోంచి బయటికి చూశాడు. ఈ పేరుతో ఏ వీధీ రికార్డుల్లో లేదు, కాబట్టి మిగతా ప్రశ్నలు ఉత్పన్నం కావు. అంతే ఉంది.

డెబ్బై ఏళ్లుగా మనుషులు పుట్టి పెరిగి చచ్చిన వీధి లేదట. నాకు మంత్రి మీద ఒళ్లు మండింది. ఆ తర్వాత నెమ్మదిగా అర్థమైంది, మండవలసింది నా మీద. అది మనవాళ్లు మనలో మనం పెట్టుకున్న పేరు. ఏ సర్కారీ కాగితం మీదా అది ఉండదన్న ఆలోచనే నాకు రాలేదు.

మిల్లుకి వెళ్లి చదివి వినిపించాను. బేబీ మిల్లు ఆపేసింది.

“ముప్పై నాలుగేళ్లు ప్లాంటులో ఏటి రాసేరండి మీరు?”

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

“పోనీండి. నాను మాత్తరం ఇంకో పేరుందని అనుకున్నానా ఏటి? అసలు పేరేటో ఎతకండి ముందు.”

రెండు రోజులు మిల్లు మూసి ఇల్లిల్లూ తిరిగాం. తీరా చూస్తే కరెంటు బిల్లులో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకొకటి, ఓటరు చీటీలో ‘పాత పంపు హౌసు వెనక’. ఒకే ఇంట్లో అన్నదమ్ములు కాగితాల మీద వేరే వేరే వీధుల్లో ఉన్నారు. ఏ పేరు పెట్టినా మళ్లీ అదే జవాబు వస్తుందేమోనని నాకు దిగులు పట్టుకుంది. అప్పుడు నా పాత ఆఫీసు బుద్ధి పనిచేసింది. మనుషులకు నంబరు లేకపోయినా సర్కారు కట్టినదానికి నంబరుంటుంది కదా అన్నాను.

ఆ మాట పూర్తి కాకముందే బేబీ చీర ఎగదోపి నాలాలోకి దిగింది. మోకాళ్ల లోతు మురుగు. కూలకుండా మిగిలిన గోడ మీద నాచు కొబ్బరిపీచుతో అరగంట తోమింది. నేను గట్టు మీద ముక్కు మూసుకుని నిలబడి దారి చెబుతున్నాను, మగవాళ్లు సాధారణంగా చేసే పనే. నాచు కింద నల్ల అక్షరాలు బయటపడ్డాయి. వార్డు నంబరు, గీత, పులియా నంబరు పదిహేడు.

కాగితం మళ్లీ రాసుకుని పరుగెత్తాం. దేవాంగన్ తల అడ్డంగా ఊపాడు. ప్రశ్నలిచ్చే గడువు దాటిపోయింది. మిగిలింది ఒక్కటే, ధ్యానాకర్షణ. అంటే సభ్యుడు సభలో లేచి ఒక అత్యవసర విషయం మంత్రి దృష్టికి తెస్తాడు, మంత్రి అక్కడే జవాబు చెప్పాలి. కానీ సమావేశాలు ముగిసేలోగా ఎమ్మెల్యేకి వచ్చేది ఒక్క అవకాశం, దానికి ఆయన రాష్ట్రమంతటికీ సంబంధించిన పెద్ద విషయం సిద్ధం చేసుకున్నాడు.

“దీదీ, పులియా సంగతి నేను మంత్రిగారికి ఉత్తరం రాస్తాను,” అన్నాడు ఎమ్మెల్యే.

బేబీ కుర్చీలోంచి లేవలేదు. గొంతు కూడా పెంచలేదు, అందుకే నాకు భయం వేసింది. తన హిందీలో ఇలా అంది. “సాబ్, ఆ పెద్ద విషయానికి తొంభై మంది ఎమ్మెల్యేలున్నారు. ఎవరో ఒకరు లేస్తారు. మా పులియాకి మీరొక్కరే. మీరు లేవకపోతే ఇంకెవరూ లేవరు. వానల్లో మా ఆయన డయాలసిస్‌కి వెళ్లనంటున్నాడు. వెళ్లకపోతే ఎన్ని రోజులుంటాడో డాక్టరు నాకు చెప్పాడు. మీరు ఉత్తరం రాసేలోపు ఆ రోజులు అయిపోతాయి.”

ఆయన చాలాసేపు బల్ల మీద కాగితాలు సర్దాడు. సర్దడానికి అక్కడ రెండే ఉన్నాయి. చివరికి దేవాంగన్‌ను పిలిచి నోటీసు మార్చమన్నాడు.

సభ రోజున మాకిద్దరికీ పాసులు దొరికాయి. సందర్శకుల గ్యాలరీలో మాట్లాడకూడదు, లేవకూడదు, చెయ్యి ఊపకూడదు. నోరు విప్పితే బయటికి పంపుతారు, మన ఎమ్మెల్యే పరువు కూడా పోతుంది అని రైల్లో రాయపూర్ దాకా చెబుతూనే ఉన్నాను. మా వంతు మధ్యాహ్నం వచ్చింది. ఎమ్మెల్యే పులియా నంబరుతో సహా నాలుగు వాక్యాలు చదివాడు. మంత్రిగారు లేచి అధికారులిచ్చిన కాగితం చూసి చెప్పారు. పులియా పాక్షికంగా దెబ్బతిన్న మాట నిజమే, అయితే రాకపోకలు కొనసాగుతున్నాయి, ప్రతిపాదన పరిశీలనలో ఉంది.

రాకపోకలు కొనసాగుతున్నాయి అనగానే నా పక్కన బేబీ సగం లేచింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. నా వైపు చూసిన చూపుకి నేనే బయటికి పోదామనుకున్నాను. కానీ కూర్చుంది. కొంగు ఉండ చేసి నోట్లో కుక్కుకుంది. మిల్లు చప్పుణ్ణి ఓడించిన ఆ గొంతు అక్కడ చప్పుడు కాకుండా కూర్చుంది, కళ్లలోంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. నేను చాలా మంది గట్టివాళ్లను చూశాను. ఆ రోజు ఆమె కన్నా గట్టివాళ్లు నాకు కనపడలేదు.

ఎమ్మెల్యే మళ్లీ లేచాడు. ఈసారి చేతిలో కాగితం లేదు.

“అధ్యక్షా, మంత్రిగారు చెప్పిన రాకపోకలు ఏమిటో నేను చెబుతాను. వారానికి రెండుసార్లు ఒక రోగిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుపోతున్నారు. వాన పడితే అదీ ఆగిపోతుంది. పరిశీలన వద్దు, తేదీ చెప్పండి.”

అటూ ఇటూ కొందరు బల్లలు చరిచారు. మంత్రిగారు అధికారుల వైపు చూశారు, మళ్లీ కాగితం చూశారు. జూన్ పదిహేనులోగా పూర్తి చేయిస్తానన్నారు. అంతా కలిపి ఆరు నిమిషాలు పట్టింది. ఆ వెంటనే ఇంకెవరో ఇంకేదో ఊరి సంగతి ఎత్తుకున్నారు.

బయటికొచ్చాక ఎమ్మెల్యే నవ్వుతూ, ఇది ఇప్పుడు సభలో ఇచ్చిన హామీ దీదీ, దీని వెంటపడడానికి ఒక కమిటీ ఉంది, అది వదలదు అన్నాడు. కమిటీ వదిలినా నేను వదలను అంది బేబీ.

వదల్లేదు కూడా. మంత్రి మాటలున్న కాగితానికి ప్లాస్టిక్ అట్ట వేయించింది. మే నెలాఖరుకి పాత గోడ తవ్వి గొట్టాలు దించారు. జూన్ ఆరున పనివాళ్లు వేరేచోటికి వెళ్లిపోయారు. బేబీ రోజూ పొద్దున్నే ఇంజినీరు ఆఫీసు తాళం తీసేవేళకి గుమ్మంలో ఉండేది. “తేదీ నాది కాదు సాబ్, మీ మంత్రిగారిది” అని కాగితం చూపించి కూర్చునేది. నాలుగో రోజు పనివాళ్లు తిరిగొచ్చారు. పదహారున పైన స్లాబు పోశారు. ఒక రోజు ఆలస్యమైందని కూడా ఇంజినీరుకి చెప్పి వచ్చింది. పైన తడి గోనెసంచులు పరిచి, మోటారు సైకిలు ఎక్కించబోయిన ప్రతివాణ్ణీ తన గొంతుతోనే తరిమింది.

ఇంత జరిగినా, వానల్లో కూడా డయాలసిస్‌కి వెళ్తానని పైడిరాజు ఒక్కసారీ అనలేదు. పులియా చూద్దువు గాని రా అంటే, చూశాలే అనేవాడు. చూసింది లేదు, కుర్చీలో దాటిస్తున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉండేవాడు. పులియా వేయించడం బేబీ చేతిలో ఉంది, అతన్ని లేపడం మాత్రం లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ వారమంతా నాతో సరిగా మాట్లాడలేదు.

జూన్ ఆఖరి బుధవారం తెల్లవారకముందే వాన మొదలైంది. ఆ వేళప్పుడు నాకు గోధుమలు పట్టించే పనేమీ లేదు, అయినా గొడుగేసుకుని వెళ్లాను. నాలా పొంగి పారుతోంది. నీళ్లు కొత్త పులియా కిందినుంచే పోతున్నాయి. పైడిరాజు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బేబీ గుమ్మంలో నిలబడింది.

వీధిలో హారన్ మోగింది. పెద్దరోడ్డు మీద కాదు, గుమ్మం ముందు. ఆటో నడిపే విజయ్ మన తెలుగువాడే. పైడిరాజు ఇటు తిరిగాడు. కాసేపు వాన చూశాడు, ఆటో చూశాడు. మంచం పట్టె పట్టుకుని లేచి, గోడ పట్టుకుని, గుమ్మం పట్టుకుని, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా నాలుగడుగులు వేసి వెనక సీట్లో కూర్చున్నాడు. బేబీ పక్కనెక్కింది.

ఆటో కదలబోతుంటే పైడిరాజు ముందుకు వంగి విజయ్ భుజం తట్టాడు.

“సనివారం కూడా నువ్వే రావాల భయ్యా. ఎనిమిదింటికే. లేటు సెయ్యకు.”