ఐదు బాణాలతో ఆడిన మా తోడికోడలు

మా తోడికోడలు పోయి నేటికి పదహారు రోజులు. ఆ ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి చివర కూరల బండి దగ్గర బెండకాయలు ఏరుతుంటే మరిది ఫోన్ చేశాడు. "వదినా, హాస్పిటల్‌కి తెచ్చేలోపే పోయింది," అన్నాడు. గుండె అట. నాకంటే ఆరేళ్లు చిన్నది. బెండకాయలు బండి మీదే వదిలేసి ఏడ్చుకుంటూ ఇంటికి నడిచాను. అయినా ఒక నిజం చెప్పుకోవాలి. ఎన్నో ఏళ్లుగా నేను ఆమెను చూసి అసూయపడ్డాను. ఆ దారిలో ఏడుస్తున్నప్పుడు కూడా ఆ అసూయ నన్ను విడిచిపోలేదు.

మా అత్తగారివాళ్లది తెనాలి వైపు. నాదీ అక్కడే. మరిది మాత్రం ఇబ్రహీంపట్నం దగ్గరి పల్లెకు చెందిన అమ్మాయిని ఇష్టపడి చేసుకున్నాడు. ఆమె వచ్చిన ఏడాదికే అత్తగారు నోరారా "చిన్నదాని చేతి పులుసు" అనడం మొదలుపెట్టారు. దానికి ఎలాగో సర్దుకున్నాను. సర్దుకోలేకపోయింది విలువిద్య దగ్గర.

ఎందుకంటే విల్లు ముందు పట్టింది నేను. మన్సూరాబాద్‌లో ఒక ఖాళీ స్థలంలో రిటైరైన డ్రిల్లు మాస్టారు ఆదివారాలు నేర్పిస్తున్నారని తెలిసి, నలభై ఆరేళ్ల వయసులో చేరాను. ఒక్కదాన్నే వెళ్లడానికి మొహమాటపడి, మీర్‌పేట్‌లో ఉండే ఆమెను తోడుకు పిలిచాను. నా మంచినీళ్ల సీసా పట్టుకుని వేపచెట్టు కింద కూర్చునేది. మూడో వారం మాస్టారు సరదాకి ఆమె చేతికీ ఒక విల్లు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి కొత్తగా చేరినవాళ్లు నన్ను "ఆ మేడమ్ వాళ్ల అక్క" అని పిలిచేవారు.

మావి పాతకాలపు తరహా కర్ర విల్లులు, కొసలు ముందుకు వంపు తిరిగినవి. గురి చూసుకోవడానికి వాటికి ఏ పరికరమూ ఉండదు. ఆమెను మించాలని నేను ఖరీదైన బాణాలు డజను తెప్పించుకున్నాను. అన్నీ ఎడమకే పోయేవి. "మేడమ్, మోచెయ్యి జారుతున్నది," అనేవారు మాస్టారు. ఒకరోజు ఆమె నా బాణం తీసుకుని రెండు చేతులతో కాస్త వంచి చూసింది.

"అక్కా, గిది నీ చేతి తప్పు గాదు. విల్లేమో మెత్తగుంది, బాణమేమో మొండిగుంది. ఇడిసినప్పుడు జర వంగకుంటే ఎట్ల సక్కగ పోతది?"

"నాకు తెలుసులే," అన్నాను. తెలియదు. ఆ మాటకోసమే ఇంకో రెండు నెలలు ఆ మొండి బాణాలే వేశాను. విల్లుకు రాసుకుని వాటి ఈకలు చిరిగిపోతే, ఆమే తన దగ్గరున్న తెల్ల ఈకలు తెచ్చి అంటించి ఇచ్చింది.

ఆమె బాణాలు సిద్ధం చేసుకునేది వంటింట్లో. రెండు స్టీలు డబ్బాలు ఎడంగా పెట్టి, వాటి మీద ఈకలు పెట్టని బాణపు పుల్లను వంతెనలా ఉంచి, నడుమ గుడ్డసంచిలో కిలో ఉప్పు ప్యాకెట్ వేలాడదీసేది. వెనక అట్టముక్క మీద పెన్సిలు గీతలు. ఒకే గీత దాకా వంగిన ఆరింటిని ఒక కట్టగా ఏరేది. వంకర ఉన్నదాన్ని గ్యాస్ మంట దగ్గర వెచ్చజేసి బొటనవేళ్లతో నొక్కి సరిచేసేది. తర్వాత ఈకలు అంటించకుండా ఒకటి వేసి చూసేది. ఎడమకు పోతే మొండిదని, ఇంకాస్త వంగేలా ములికి బరువు పెంచేది. కుడికి పోతే మరీ మెత్తనిదని, వంగడం తగ్గేలా పొడవు కాస్త కోసేది. "ఈకలు తప్పు దాస్తయక్కా. ఈకల్లేనప్పుడే బాణం నిజం చెప్తది," అనేది. ఇంకో మాట కూడా అనేది: "బాణం కొనుడు గాదు, ఏరుకునుడు."

ఆ ఏడు మా మైదానంలోనే ఒక చిన్న పోటీ పెట్టారు. ఆమెను తీసుకెళ్లడానికి ఆటోలో మీర్‌పేట్ వెళ్లాను. ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. గోడకు ఆనించిన ఆమె ఆరు బాణాలు, నా సంచిలో నావి. అన్నిటికీ అవే తెల్ల ఈకలు. ఆమెది ఒకటి తీసి నా సంచిలో పెట్టుకుని, నాది ఒకటి ఆమె వాటిలో కలిపాను. ఆమె ఇచ్చిన టీ కూడా తాగాను.

పోటీలో ఆమె మొదటి బాణమే ఎడమకు పోయింది. తెచ్చుకున్నాక ఆ బాణాన్ని గోరు మీద తిప్పి, కాస్త వంచి చూసింది. తిన్నగా నా దగ్గరకు వచ్చింది. చుట్టూ పదిమంది.

"అక్కా, నీ బాణం ఒకటి నా దాంట్ల వడ్డది. నీకు తక్కువైతది, తీస్కో."

తనది ఏదని అడగలేదు. మిగతా విడతలన్నీ ఆరు వేయాల్సిన చోట ఐదే వేసింది. మూడో స్థానం వచ్చింది. నేనేమో అడుగున ఉన్నాను. కానీ చివరి విడతలో నా చేతికి ఆమె బాణం వచ్చింది. వదిలాను. అది వెళ్లి గురిపలక నడిమి పసుపు వలయంలో దిగింది. ఆ రోజు నాకు పసుపులో పడింది అదొక్కటే. వెనకనుంచి చప్పట్లు కొట్టింది ఆమె.

"చూసినవా అక్కా! చెయ్యి మంచిదే అని జెప్తనే ఉన్న."

నెల తర్వాత ఆమె వంటింట్లో కూర్చుని, నా విల్లుకు బాణాలు ఏరిపెట్టమని అడిగాను. ఆమె డబ్బాలు సర్దుతుంటే, "ఆ రోజు పోటీలో..." అని మొదలుపెట్టాను.

"ఉప్పు సంచి గట్టిగ పట్టు అక్కా, ఊగుతున్నది. ఊగితె లెక్క దొరుకది," అంది తల ఎత్తకుండా.

ఆ తర్వాత ఆ మాట నేనూ ఎత్తలేదు. ఎత్తనివ్వలేదని ఆమె మీద కొంత కోపం కూడా ఉండేది. క్షమించడంలో కూడా నాకంటే ముందుంది కదా అని. ఆమె ఏరిన బాణాలతో ఇప్పుడు నేను బాగానే వేస్తున్నాను. ఆమెను ఒక్కసారీ మించలేదు.

పదో రోజున మైదానం వాళ్లందరూ వచ్చారు. మాస్టారు కూడా. ఒక్కొక్కరూ "నా బాణాలు మేడమే ఏరిచ్చిన్రు" అని చెప్పి కళ్లు తుడుచుకున్నారు. నాకొక్కదానికే చేసిందనుకున్నాను. అంతమందికి చేసిందని విని, చేతిలో విస్తళ్ల కట్ట పట్టుకుని, అక్కడా కుళ్లుకున్నాను.

ఆమెను చివరిసారి చూసింది ఎల్బీనగర్ బస్టాప్‌లో, పోవడానికి రెండు రోజుల ముందు. ఆమె బస్సు ముందు వచ్చింది. లోపల కిక్కిరిసి ఉంది. ఎవరికీ గుచ్చుకోకూడదని బాణాల కట్టను ఒక చేత్తో నిలువుగా పైకెత్తి పట్టుకుని ఎక్కింది. "ఏందమ్మా గవి?" అని ఎవరో అడిగినట్టున్నారు, ఏదో చెప్పి నవ్వింది. ఒకాయన లేచి సీటిచ్చాడు. నా బస్సు ఇంకా రాలేదు, నా కాళ్లు నొస్తున్నాయి. బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి ఆమె ముఖం కనబడలేదు. జనం తలల మీదుగా, ఒక పిడికిట్లో, తెల్ల ఈకలు మాత్రం కదులుతూ పోయాయి.