మేస్త్రి పిలవని ఇల్లు

ఆకివీడు దాటి ఆ కొల్లేటి లంక ఊరి మొదట్లో జీపు నన్ను దించేసరికి ఉదయం ఏడు. ఏప్రిల్ ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గట్టు రోడ్డుకు ఇటూ అటూ చేపల చెరువులు. రోడ్డుకు అడ్డంగా రెండు సరుగుడు కర్రలు. టార్పాలిన్ కింద బల్ల, రెండు కుర్చీలు. నాకిచ్చిన సామాను లాఠీ, విజిల్, మాస్కులు, శానిటైజర్ సీసా. మంచుకొండల్లో కాపలా కాసి, రిటైరై తాడేపల్లిగూడెంలో కూర్చున్నవాణ్ణి. లాక్‌డౌన్ డ్యూటీకి మాజీ సైనికులు కావాలంటే ఉత్సాహంగా పేరిచ్చాను. ఆర్డరు చిన్నదే. ఊళ్ళోకి ఎవరినీ రానివ్వకూడదు. చేపల పని బండ్లు తప్ప ఏదీ బయటికి పోకూడదు.

నాకు తోడు గణపవరం కానిస్టేబుల్.

"ఇక్కడ శత్రువు కనపడడండీ, మిలట్రీ గారూ. తుపాకీ కూడా ఇవ్వలేదు" అన్నాడు.

"అక్కడా కనపడేవాడు కాదులెండి" అన్నాను.

ఊళ్ళో మగవాళ్ళు చాలామంది పట్టుబడి కూలీలు. మెడలోతు నీళ్ళలో భుజానికి భుజం ఆనించి నిలబడి చెరువులో వల లాగుతారు. వాళ్ళకో పద్ధతి ఉంది. తెల్లవారుతుండగా ముఠా మేస్త్రి వీధి వెంట నడుస్తూ ప్రతి ఇంటి ముందూ ఆగి పేరు పెట్టి పిలుస్తాడు. పిలిస్తేనే పని. పిలవకుండా వెళ్ళి, చెరువులకు తీసుకెళ్ళే టెంపో ఎక్కడమంటే చచ్చేంత నామోషీ.

మా చెక్‌పోస్టు పక్కనే మొదటి ఇల్లు యేసురత్నానిది. ముఠాలో మంచి పనివాడు. కరోనా వచ్చి ఏలూరు ఆస్పత్రిలో ఉండి, తగ్గాక, నేను వచ్చిన వారానికే ఇంటికొచ్చాడు. ఇంక భయం లేదు, పని చేసుకోవచ్చని డాక్టర్లు చెప్పి పంపారు. కానీ ఊరి పెద్దలు అప్పటికే కట్టుబాటు పెట్టేశారు. ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు. భార్య మార్తమ్మకూ, నాలుగేళ్ళ కూతురికీ అదే శిక్ష.

యేసురత్నం రోజూ పనికి సిద్ధమై తలకు తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. మేస్త్రి పక్కింటిదాకా పిలుచుకుంటూ వచ్చి, తల దించుకుని ఈ ఇల్లు దాటేవాడు. టెంపో కోసం కర్ర పైకెత్తేది నేనే. మొదట్లో యేసురత్నం నన్ను చూసి నవ్వేవాడు. "రేపు పిలుస్తారులెండి" అనేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. సబ్బుతో చేతులు తోలు లేచిపోయేదాకా రుద్దుకునేవాడు. ఇంట్లోకి పోకుండా అరుగు మీదే పడుకునేవాడు.

ఒకరోజు మార్తమ్మ కర్ర దగ్గరకొచ్చి ఏడ్చింది. "ఏవండీ, మీరైనా చెప్పండి. ఆయన పాపని దగ్గరికి రానివ్వట్లేదండీ. తన ఊపిరి తగిలితే చచ్చిపోద్దంటున్నారండీ."

మేస్త్రిని ఆపి అడిగాను. "పెద్దలు చెప్పాలి కదండీ" అన్నాడు.

ఊరి పెద్దాయన దగ్గరికెళ్ళాను. "కట్టుబాటు జబ్బున్నన్నాళ్ళేనండీ. ఇప్పుడు పిలవొద్దని మేం అనలేదుగా?"

"పిలవమని చెప్పారా?"

"మేస్త్రి అడగలేదండీ."

పెద్దలు చెప్పాలని మేస్త్రి, మేస్త్రి అడగాలని పెద్దలు. ఒళ్ళు మండిపోయింది నాకు. అరిచాను. పెద్దాయన మర్యాదగా మజ్జిగ ఇప్పించాడు.

సాయంత్రం కానిస్టేబుల్ వైర్‌లెస్ సెట్లో స్టేషన్‌కి చెప్పాను. "ఇక్కడొక మనిషికి మతి చలిస్తోంది. డాక్టర్ని పంపండి."

"కోవిడ్ కేసా?"

"కాదు."

"అయితే కేసులు నిల్ అని చెప్పండి, ఓవర్."

జూన్ మొదట్లో కర్రలు తీసెయ్యమని ఆర్డరొచ్చింది. ఆ తెల్లవారే, పెద్దలు సరేనన్నారేమో, మేస్త్రి ఆ ఇంటి ముందు ఆగాడు. "ఒరేయ్ యేసురత్నం, రారా!" అని గట్టిగా పిలిచాడు. వీధంతా బయటికొచ్చింది.

యేసురత్నం అరుగు మీంచి లేచాడు. తలకు తువ్వాలు లేదు. రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దు బాబాయ్, దగ్గరికి రావొద్దు. నాలో ఉంది. మీ అందరికీ అంటుకుంటుంది."

మేస్త్రి అక్కడే కూలబడి ఏడ్చాడు. ఇప్పుడు ఏడ్చి ఏం లాభం? టెంపో వెళ్ళిపోయింది. మధ్యాహ్నం జీపు నన్ను తీసుకెళ్ళింది.

తాడేపల్లిగూడెంలో మాకు శాలువాలు కప్పారు. నా చెక్‌పోస్టు ఊళ్ళో ఒక్క కేసు కూడా పెరగలేదని మైకులో పొగిడారు. జనం చప్పట్లు కొట్టారు. యేసురత్నం మతి కుదుటపడ్డానికి మందులు వాడుతున్నాడని, ముఠాలోకి మాత్రం మళ్ళీ పోలేదని తర్వాత కానిస్టేబుల్ ఫోన్ చేసి చెప్పాడు.

ఆ చప్పట్లలో నేను చూసిందీ, ఇప్పటికీ చూస్తున్నదీ వేరు. ఆ రోజు టెంపో వెళ్ళాక పాప ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అందరూ నాన్నతో మాట్లాడుతున్నారు కదా, ఇంక తనూ వెళ్ళొచ్చనుకుంది. ఎత్తుకోమని రెండు చేతులూ చాచింది. అతను వెనక్కి నడిచాడు. రోడ్డు దాటాడు. గట్టు దిగాడు. పాప ఒక్కో అడుగు ముందుకేస్తుంటే, కూతురి వైపే చూస్తూ, మెడలోతు వచ్చేదాకా చెరువులోకి వెనక్కి వెనక్కి వెళ్ళిపోయాడు.