మేక తిన్న విమానం

నా చిన్నప్పుడు మా తాతయ్య నా విమానాన్ని మేకకు తినిపించాడు. ఈ మాట చెప్పగానే వినేవాళ్లు నవ్వుతారు. మా అమ్మాయి నవ్వింది, అల్లుడు నవ్వాడు, నాతో పాటు బడిలో పనిచేసిన టీచరమ్మలూ నవ్వారు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అరవై దాటిన మనిషికి పదేళ్లప్పటి కోపం ఇంకా ఎందుకని అడుగుతారు. ఉంది, అంతే.

మాది మోత్కూర్ దగ్గర ఒక చిన్న పల్లె. కొత్త జిల్లాలు వచ్చాక ఆ ఊరు నల్గొండ జిల్లాలో లేకుండా పోయింది గానీ, అప్పుడు మాకు నల్గొండ అంటే ప్రపంచానికి అవతలి ఒడ్డు. మా తాతయ్య మేకలు కాసేవాడు. మా బాపు, అంటే నాన్న, వానాధారపు చెలకలో జొన్న వేసేవాడు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. జొన్న మోకాలెత్తు రాకుండానే మాడిపోయింది. పాత చొప్ప కొంత ఇంటి వెనక వామి వేసి ఉంది కాబట్టి మేకలు ఎలాగో నిలబడ్డాయి. తాతయ్య రోజూ పొద్దున ఆ వామి చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తడిమి, కావలసినంతే లాగేవాడు. ఇదంతా నా కళ్లముందే జరిగేది. అయినా నాకు పట్టలేదు, ఎందుకంటే నా తల నిండా విమానమే ఉంది.

పిల్లలు సొంతంగా చేసిన వస్తువులతో నల్గొండలో ప్రదర్శన పెడుతున్నారనీ, మా బడి నుంచి ఒక్కరిని బస్సులో తీసుకుపోతాననీ సారు చెప్పాడు. నేను విమానం చేస్తానన్నాను. "ఆడపిల్లకు ఇమానమెందుకే, మంచిగ పూసల దండ గుచ్చుకరా" అన్నాడు ఆయన, క్లాసంతా నవ్వింది. ఆ నవ్వుతో నాకు పంతం పట్టుకుంది. విమానాన్ని నేను ఆకాశంలో చుక్కగా తప్ప చూసి ఎరగను. పాఠం పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది, దాన్ని పట్టుకుని పని మొదలుపెట్టాను.

జొన్న చొప్ప పై బెరడు ఒలిస్తే లోపల తెల్లటి బెండు వస్తుంది. బెరడును సన్నగా చీల్చి బెండులో గుచ్చితే మేకులు అక్కర్లేదు. మా ఊళ్లో పిల్లలందరూ దానితో బండ్లు, కళ్లద్దాలు చేసేవాళ్లు. విమానం మాత్రం బండిలా కాదు. రెక్కకు కణుపు లేని పొడవైన ముక్క కావాలి, రెండు రెక్కలకూ ఒకే లావు ముక్కలు కావాలి. ఒక మంచి ముక్క కోసం పది కట్టెలు విరిచేదాన్ని. నచ్చనివి పక్కన పడేసేదాన్ని. ఆ పడేసినవి ఎవరి కంటా పడకుండా స్నానానికి నీళ్లు కాచే పొయ్యిలో పెట్టి కాల్చేశాను. అలా పన్నెండు రోజుల్లో, పైకి కనిపించకుండా వామి వెనక లోపల్నుంచి ఎంత లాగానో నాకే తెలియదు. కాగితానికి జొన్నపిండి అంబలి పూసి రెక్కల మీద అతికించాను. తోక కిందికి దిగబడిపోతుంటే ముక్కుకు బంకమట్టి ముద్ద పెట్టాను. ఆ మట్టిని చిటికెడు తీస్తూ, చిటికెడు పెడుతూ ఒక సాయంత్రమంతా గడిపాను. చివరికి అది ఎగిరింది.

ఆ వారంలోనే మా మేకల్లో ఒకటి ఈనింది. దానికి పాలు రాలేదు. మా అమ్మ ఎవరింటినుంచో బర్రె పాలు అడిగి తెచ్చి, గుడ్డ తడిపి పట్టినా పిల్ల రెండు రోజులకే చచ్చిపోయింది. నేను లాగిన చొప్ప ఆ తల్లి తిని ఉంటే పాలు వచ్చేవో రావో నాకు తెలియదు, తాతయ్యకూ తెలిసి ఉండదు. కానీ ఆ మర్నాడు ఆయన వామికి వెనకవైపున లోపలి ఖాళీ చూశాడు. పొయ్యి దగ్గర కాలకుండా మిగిలిన కణుపులు కూడా చూశాడు. నేను వాకిట్లో విమానం తుడుచుకుంటూ కూర్చున్నాను, తెల్లారితే సారుకు చూపించాలి.

తాతయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "గీ బెండు ఏడికెల్లి తెచ్చినవే?" అని మెల్లగా అడిగాడు. చెరువు కట్ట కాడ పడి ఉంటే తెచ్చానని చెప్పాను. ఆయన తల ఊపాడు. విమానాన్ని రెండు చేతులా తీసుకుని తిప్పి చూశాడు. ముక్కుకు మట్టి ఎందుకు, తోక ఎందుకు పైకి ఉంది, అన్నీ అడిగాడు. మా ఇంట్లో ఎవరూ నన్ను అలా అడగలేదు, నేను సంతోషంగా ఒక్కొక్కటీ విప్పి చెప్పాను. "మంచిగ చేసినవ్ బిడ్డా. ఎగురుతదా?" అన్నాడు. ఎగురుతుందన్నాను. నా భుజం పట్టుకుని దొడ్డివైపు తిప్పి, "గటు ఇడువు, గాలి గటే ఉన్నది" అన్నాడు.

వదిలాను. అంత బాగా అది అంతకుముందెప్పుడూ ఎగరలేదు. రోలు దాటి, రాతి గోడ మీదుగా పోయి మేకల మధ్య దిగింది. పిల్ల చచ్చిపోయిన ఆ మేక దాని దగ్గరికి వచ్చి మూతి పెట్టింది. నేను పరుగెత్తబోయాను. తాతయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఉండు. తిననియ్."

"నా ఇమానం తాతా!"

"అది దాని బువ్వ."

మేక ముందు అంబలి పూసిన కాగితం తిన్నది. తర్వాత రెక్కలు, తోక నమిలింది. మట్టి ముద్దను వదిలేసింది. అంతా అయ్యేదాకా ఆయన నా చేయి వదల్లేదు. అయ్యాక లేచి, కట్టె తీసుకుని మేకలను తోలుకుపోయాడు. పూసల దండ గుచ్చిన అమ్మాయిని సారు నల్గొండ తీసుకుపోయాడు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి, జొన్న మంచిగా పండింది. ఒకరోజు నిద్ర లేచేసరికి నా తలగడ పక్కన చొప్ప కట్టెలు ఉన్నాయి. అన్నీ ఒకే లావు, నీడన ఆరబెట్టినవి, కణుపులు కోసేసినవి. ఎవరు పెట్టారో అడగనక్కర్లేదు. నేను ఆ కట్ట తీసుకుపోయి, ఆయన చూస్తుండగానే మేకల ముందు వేశాను. ఆయన గొంగడి భుజానికి సర్దుకుని అటు తిరిగాడు. ఆయన పోయేదాకా మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

నాది తప్పు కాదని అనను. మూగజీవాల నోటికాడి మేత లాక్కున్నాను, కాల్చేశాను, పైగా అబద్ధమాడాను. నాలుగు తగిలించినా పడేదాన్ని. మేత చాలకే తల్లికి పాలు రాలేదేమోనని నాకు చెప్పి ఉంటే నేనే ఆ విమానాన్ని మేకకు పెట్టేదాన్నేమో. కానీ ఆయన చెప్పలేదు. ముచ్చటపడినట్టు అన్నీ అడిగి, మంచిగ చేసినవని మెచ్చుకుని, నా చేతులతోనే నా విమానాన్ని అటు వేయించాడు. ఆ మెచ్చుకోలు నిజమో నటనో ఇప్పటికీ తెలియదు. నన్ను తినేస్తున్నది అదే.

ఇప్పుడు ఆదివారాలు నల్గొండలో మా వరండాలో పిల్లలకు విమానాలు చేయడం నేర్పుతున్నాను. ఎవరికీ పనికిరాని వస్తువే తేవాలి. పాత పెళ్లికార్డులు, పుల్ల ఐసు పుల్లలు, టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోల్, అరిగిపోయిన చీపురు ఈనెలు ఏవైనా సరే. కత్తెర పెట్టే ముందు అది ఎక్కడిదో నోరు తెరిచి చెప్పాలి. అతుకులన్నీ ఆరాకే ముక్కుకు బరువు పెట్టాలి. రెండు వేళ్ల మీద రెక్కలు నిలబడందే ఎగరేయకూడదు. ఎటు ఎగరేయాలో చేసినవాళ్లే తేల్చుకుంటారు, నేను కూడా చెప్పను. ఒకరు చేసిన దాన్ని ఇంకొకరు ముట్టకూడదు. సరిచేద్దామని వచ్చే తల్లిదండ్రుల మీద గట్టిగానే అరుస్తాను. నా చేతులు కూడా నేను వెనక్కి కట్టుకునే నిలబడతాను.

పోయిన వేసవి సెలవుల్లో మా మనుమరాలు వచ్చింది, దానికీ పదేళ్లే. ఒక మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి వరండాలో నల్లగా మెరిసే రెక్కలతో ఒక విమానం ఉంది. ఎంత బాగుందో చెప్పలేను. దగ్గరికి పోయి చూస్తే రెక్క మీద నా మోకాలి ఎముకలు కనిపించాయి. అది మూడేళ్ల కిందటి ఎక్స్‌రే. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసి ఆపరేషన్ సంగతి తేలుస్తానని డాక్టరు మర్నాడు రమ్మన్నాడు. కొత్తది మళ్లీ తీయించుకోవచ్చు, మూడేళ్ల కిందటి మోకాలిని ఎవరు తీస్తారు? ఎక్కడిదే అని అడిగాను. చెత్తబుట్టలో దొరికిందని చెప్పింది, నా ముఖం చూడకుండా.

నా చేయి విమానం మీదికి పోయింది. దాన్ని నలిపేయడానికి రెండు వేళ్లు చాలు. నేను వేళ్లు తెరిచి చేతులు వెనక్కి తీసుకోవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు.

"అబద్ధం చెప్పకు. గిది నా దవాఖాన కాయితం, రేపు డాక్టర్ అడుగుతడు. నాకు చాన కోపమొస్తాంది" అన్నాను.

అది ఏడుపు మొదలుపెట్టింది. "ఇరగ్గొడతవా అమ్మమ్మా?"

"లేదే, ఇరగ్గొట్ట. మంచిగనే చేసినవ్, నిజంగనే అంటున్న. గని జర సేపు నాతోటి మాట్లాడకు."

మర్నాడు దాన్ని వెంటబెట్టుకుని దవాఖానకు పోయాను. ఏం చేసిందో తానే డాక్టరుకు చెప్పింది. ఆయన మందలించలేదు. విమానాన్ని లైటుకు ఎత్తిపట్టి, రెక్కను అటూ ఇటూ తిప్పి చూసి, సగం మోకాలే కనిపిస్తున్నదని చెప్పి, ఇంకో నెల ఆగి మళ్లీ ఎక్స్‌రే తీయించుకుని రమ్మన్నాడు, అప్పుడు కొత్తవి రెండూ పోల్చి చూస్తానన్నాడు. ఆ నెలంతా నేను నొప్పితో కుంటాలి. నా కోపం రెట్టింపయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కాం. అది బిక్కుబిక్కుమంటూ విమానాన్ని నా చేతికిచ్చింది. నేను ముఖం అటు తిప్పుకునే, గాలికి కొట్టుకుపోకుండా ఇంటిదాకా దాన్ని రెండు చేతులా ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను.