ఎంత గెలిచారో అడగమన్నాను

మా మనవరాలు శ్రావణి యూనివర్సిటీలో ఆన్‌లైన్ రమ్మీ ఆడేవాళ్ల మీద పరిశోధన చేస్తోంది. మూడు రోజులుగా మా ఊళ్లో "ఎంత పోగొట్టుకున్నారు?" అని అడుగుతుంటే ఒక్కరూ నోరు విప్పలేదు. అందరూ ఫోన్లో వార్తలే చూస్తారట.

ఈ ఉదయం మా కళ్లంలో దానికి చెప్పాను: "మన రైతును పత్తి దిగుబడి ఎంతని అడిగితే బాగా పండిన ఏడాదిదే చెబుతాడు. పోయింది అడక్కు, ఎంత గెలిచారో అడుగు."

అడిగింది. టిక్కీ బస్తాల్లో మిర్చి తొక్కుతున్న వాళ్లందరికీ ఒక్కసారిగా మాటలొచ్చాయి.

"నేను ఆరు వేలు కొట్టానమ్మాయ్!"

"నీ బొంద! అందులో సగం నాది కదరా!"

ఆ ఊపులో మా అబ్బాయి, అంటే శ్రావణి తండ్రి, "నేనైతే ఒక్క ఆటలో పద్దెనిమిది వేలు!" అనేశాడు.

వాడు ఆడతాడని ఇంట్లో ఎవరికీ తెలియదు. శ్రావణి వాణ్ణి నేను కూర్చున్న పక్కకు పిలిచి, "పేర్లు రాయను నాన్నా, నంబరే వేస్తాను. నీది తొమ్మిది. మొదటిసారి ఎప్పుడు ఆడావు?" అంది.

వాడు నావైపు చూశాడు. పాల లెక్కలో రూపాయి తేడా వస్తే ఊరుకోని మనిషిని నేను. నేనుంటే చెప్పడని లేచి ఇంటికి వచ్చేశాను.

గంటన్నర తర్వాత ఇద్దరూ వచ్చారు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. మిర్చి ఘాటన్నాడు. సరేనన్నాను.

మొత్తం ఎంత పోయిందో ఇంతవరకూ అడగలేదు. మీరైతే ఆగగలిగేవారా?