లారీలో విరిగిన గుర్రం

మా అక్క జగ్గయ్యపేటలో అంగన్‌వాడీ టీచరు. తొంభైల చివర్లో నేను నందిగామలో విలేకరిగా ఉండేవాణ్ణి. పేటలో ఏ పని పడినా మధ్యాహ్నం ఆమె సెంటరు దగ్గర ఆగేవాణ్ణి. అద్దెకు తీసుకున్న ఒకే గది. మిరపకోతలకు పోయే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దింపి వెళ్లేవారు. మూలన ఒక ఇనప్పెట్టె, దానికి తాళం. అందులో సర్కారు పంపిన ఆటబొమ్మలు.

తాళం ఎందుకని అడిగితే అక్క నన్ను వింతగా చూసింది. "బొమ్మ విరిగితే సంజాయిషీ ఎవరిస్తార్రా, మీ పేపరోళ్లా?"

విరిగితే అది టీచరు నిర్లక్ష్యమే. సంజాయిషీలు పెరిగితే ఉద్యోగం పోతుంది. బావ పోయాక ఆ ఇంటికి ఆధారం ఆ ఉద్యోగమే. చుట్టుపక్కల సెంటర్లన్నింటిలోనూ ఇదే పద్ధతి. తనిఖీ రోజున బొమ్మలు పరిచేవారు, జీపు మలుపు తిరగగానే తుడిచి లోపల పెట్టేవారు. పిల్లలు చింతగింజలతో, సోడా మూతలతో ఆడుకునేవారు.

ఒక తనిఖీకి నేనూ అక్కడే ఉన్నాను. చాప మీద రంగు దిమ్మెలు, రైలుబండి, మధ్యలో ఊగే చెక్కగుర్రం. పిల్లలు గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఆడుకోండమ్మా," అంది వచ్చిన సూపర్‌వైజర్ మేడం. ఒక్కరూ కదల్లేదు. ఒక పిల్ల మాత్రం అక్క వైపు తిరిగి, "ముట్టుకుంటే కొడతావుగా టీచరూ?" అంది.

మేడం అక్కను అందరి ముందూ కడిగేసింది. "ఆడుకోవడం కూడా నేర్పలేదేంటమ్మా? ఈ వయసుకి ఆటే చదువని ట్రైనింగులో చెప్పలా?" తాళం వేయించిన భయమూ ఆ ఆఫీసుదే, ఈ పాఠమూ ఆ ఆఫీసుదే. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మాత్రం, "ఇకనించి ఆడిస్తానండి," అంది.

నిజంగానే ఆడించింది. పెట్టె తెరిచే ఉంచింది. కొన్నాళ్లకే ఇద్దరు పిల్లలు ఒకేసారి గుర్రమెక్కి ఊగారు. కింది వంపుబద్ద ఫట్టుమంది.

సంజాయిషీ ఇవ్వడానికి అక్కతో పాటు నేనూ ఆఫీసుకు వెళ్లాను. 'పిల్లలు ఆడుతుండగా విరిగింది' అని ఉన్నదున్నట్టు రాసింది. మేడం చదివి కాగితం వెనక్కి తోసింది.

"ఇట్టా రాస్తే నీ మీదికే వస్తుందమ్మా. లారీలో వచ్చేటప్పుడే విరిగిందని రాయి. దానికైతే రూలుంది."

ఆ మాట దయగానే చెప్పింది. నేను నోరు తెరవబోతే అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. లారీ విరగ్గొట్టవచ్చట, నాలుగేళ్ల పిల్ల విరగ్గొట్టకూడదట! ఆ రూలు రాసినవాళ్లకు రోడ్డు మీద గుంతలు గుర్తున్నాయి. గుర్రం మీద పిల్లలెక్కుతారన్న సంగతే తోచలేదు.

అక్క మేడం చెప్పినట్టే రాసిచ్చింది. ఉద్యోగం నిలిచింది.

బస్టాండులో నవ్వింది. "అన్నీ లారీలోనే విరిగినయ్యని రాసిస్తే పోయేదిరా తమ్ముడూ. పిల్లలన్నా ఆడుకునేవాళ్లు."

నాకు నవ్వు రాలేదు.

తర్వాత వెళ్లేసరికి పెట్టెకు మళ్లీ తాళం పడింది. గుర్రం మాత్రం బయటే ఉంది. లెక్కలోంచి తీసేశారు కాబట్టి దాన్ని అడిగేవాళ్లు లేరు. అది ఇక ఊగదు. ఒకరు ఎక్కి కూర్చుంటే ఇంకొకరు వెనక నుంచి ఎత్తి దించుతున్నారు. "దిగవే, ఇప్పుడు నాది!" అని ఒకటే గోల.

మిగతా బొమ్మలన్నీ పెట్టెలో భద్రంగా ఉన్నాయి. కొత్తవి కొత్తవిగానే.