ఎనిమిదో మండలానికి డ్రైవరెందుకు

దోహాలో ఇంటి డ్రైవర్ ఉద్యోగమంటే బండి నడపడం కంటే బండిలో కూర్చోవడమే ఎక్కువ. మేడమ్ మాల్‌లో ఉంటే బయట కూర్చోవాలి, పిల్లలు ట్యూషన్‌లో ఉంటే బయట కూర్చోవాలి. అలా కూర్చుని కూర్చునే నేను ఇటలీలోని మిలాన్ నగరంలో ఎనిమిదో మండలాన్ని కంఠతా పట్టాను. అక్కడ కాలు పెట్టకుండానే, ఫోన్‌లో.

నేర్పింది నా భార్య. ఇద్దరం కడప జిల్లా నుంచి వచ్చి ఇక్కడే వేరువేరు ఇళ్లలో పనిచేసేవాళ్లం. శుక్రవారం ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో కలుసుకుని, అన్నం తిని, కాసేపు పోట్లాడుకుని ఎవరి ఇళ్లకు వాళ్లం పోయేవాళ్లం. ఇంతలో ఆమె చూసుకునే పిల్లల తండ్రికి మిలాన్‌లో ఉద్యోగం వచ్చింది. పిల్లలతో పాటు ఆయానూ తీసుకుపోయారు, సామాన్లలో కుక్కర్‌ను పెట్టుకుపోయినట్టు. రెండేళ్లయింది మేము ఎదురెదురుగా నిలబడి. ఆమెకు సెలవిచ్చినప్పుడు నాకివ్వరు, నాకిచ్చినప్పుడు ఆమెకివ్వరు. ఊళ్లో మా అత్తకు మాత్రం ఏ బెంగా లేదు. మా వైపు గల్ఫ్ అంటే కువైటే. కూతురూ అల్లుడూ కువైట్‌లో పక్కపక్క వీధుల్లో కాపురముంటున్నారని ఆమె గట్టి నమ్మకం.

ఆదివారాలు నా భార్య ఫోన్ పట్టుకుని వీధుల్లో నడుస్తూ నాకు ఊరు చూపించేది. మిలాన్‌ను మండలాలుగా పంచారట, వాళ్లది ఎనిమిదోది. వాళ్లిల్లు ఉన్న చోట ఆకాశాన్నంటే మేడలు, కింద కారన్నదే కనబడదు. కాస్త నడిస్తే పావ్లో సార్పి అని చైనావాళ్ల వీధి, అందులో అందరూ కాళ్లకు పని చెప్పాల్సిందే. దూరంగా ఓ చివర క్వార్తో ఒజ్జారో, బాల్కనీల నిండా బట్టలు ఆరేసిన బీదవాళ్ల పేట. మధ్యలో ఒక కొండ కూడా ఉంది. యుద్ధంలో కూలిన ఇళ్ల ఇటుకలూ రాళ్లూ పోసి చేశారట దాన్ని. మా కడప పాలకొండలు చూసి పెరిగినవాణ్ణి, దాన్ని కొండ అంటే ఎట్లా ఒప్పుకుంటాను? ఒక ఆదివారమంతా దాని మీదే వాదించుకున్నాం.

ఈ వేసవిలో మా బాబా కుటుంబంతో మిలాన్ వెళ్లాలనుకున్నాడు. ఇంటి యజమానిని మేమంతా బాబా అనే పిలుస్తాం. బస చూసుకున్నది కూడా ఆ మండలంలోనే. డ్రైవర్‌ను వెంట తీసుకుపోయే ఆలోచన ఉందని వంటామె నా చెవిన వేసింది. ఆ రోజు నుంచి నా కాలు నేల మీద నిలవలేదు.

అడగడానికి ఒక్క మాట చాలు, నా పెళ్లాం అక్కడుంది బాబా, అని. కానీ దేబిరించడం నాకు చేతకాదు. నా పనితనం చూసి ఆయనే రమ్మనాలి, అదీ నా పొగరు. ఒక సాయంత్రం టీ కొట్టు ముందు బండాపి హారన్ కొట్టాను. ఇక్కడ టీ కోసం ఎవరూ బండి దిగరు, కొట్టువాళ్లే వచ్చి కిటికీలోంచి కప్పు అందిస్తారు. బాబా చాయ్ ఊదుకుంటూ, మా ఇద్దరికీ సగం సగం వచ్చిన హిందీలో అడిగాడు.

"మిలాన్‌లో కూడా ఇట్లాగే తెచ్చిస్తారా?"

"మాఫీ, లేదు బాబా. అక్కడ హారన్ కొడితే కిటికీలు తెరిచి తిడతారు."

అంతటితో ఊరుకుంటే పోయేది. దొరికిందే సందనుకుని, ఆ మేడల మధ్యకు బండి పోదనీ, పసుపు గీతల్లో ఆ వీధివాళ్లు తప్ప ఎవరూ ఆపుకోకూడదనీ, చైనావాళ్ల వీధిలో నడవాల్సిందేననీ ఏకరువు పెట్టాను. ఆ ఊపులో ట్రామ్ సంగతి కూడా ఎత్తుకున్నాను. అది ఇంటి దగ్గరికే ఎలా వస్తుందో, కిటికీ పక్క సీటు కోసం పిల్లలు ఎలా కొట్టుకుంటారో, మా ఆవిడ చెప్పినవన్నీ నేను రోజూ ఎక్కి దిగినట్టే చెప్పాను.

బాబా శ్రద్ధగా విన్నాడు. ఇన్నేళ్లలో నా మాట అంత శ్రద్ధగా విన్నది అప్పుడే.

"షాబాష్," అన్నాడు. "అయితే అక్కడ బండెందుకు? మేమూ ట్రామే ఎక్కుతాం. నువ్విక్కడే ఉండి చెట్లకు నీళ్లు పెట్టు. యల్లా, ఇక పోనియ్."

ఇంటికి పోనిచ్చాను. బండి షెడ్డులో పెట్టి, అందులోనే కూర్చుని ఏడ్చాను. కొన్నాళ్లకు పొగరు మింగి అసలు సంగతి చెబితే బాబా నిజంగానే బాధపడ్డాడు. ముందే చెప్పకూడదా అన్నాడు. అప్పటికి వాళ్ల వీసాలు వచ్చేశాయి, ప్రయాణం దగ్గర పడింది. నేను రావట్లేదని నా భార్యకూ ఆ రోజే చెప్పేశాను. "సరేలే," అంది, అంతే. చెనిక్కాయల పొడి కట్టి, ఆమెకిమ్మని మేడమ్ చేతికిచ్చి, అందరినీ విమానాశ్రయంలో దించి వచ్చాను.

ఆ ఆదివారం నా భార్య ట్రామ్ స్టాపు దగ్గరికి పోయి మా మేడమ్‌ను కలిసింది. తర్వాత నాకు ఫోన్ చేసింది.

"పొడి ముట్టింది. ట్రామ్ శానా బాగుంటాదని నువ్వే చెప్పినావంట గదా."

"చెప్పినాలే మే."



"నువ్వు రాలేదని నాకు తెలుసు," అంది. "ఐనా వాళ్లంతా దిగినాక తలుపు మూసుకునేదాకా సూసినా. మేడమోళ్లు పోయినాక, ఇంకో ట్రామ్ వచ్చేదాకా ఆడనే నిలబడినా."